చేటపెయ్య లోపలి గడ్డి

విజయవాడలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో 11 ఏళ్లు పనిచేశాను. ఏటా జనవరి సగం దాటేసరికి, కేంద్ర బడ్జెట్ దగ్గరపడుతుండగా, ఒకే తీరు ప్రెస్‌నోట్లు వచ్చిపడేవి. సిగరెట్ల మీద పన్ను పెంచితే పొగాకు రైతు రోడ్డున పడతాడన్నది వాటి సారాంశం. ఒకటి ఒంగోలు నుంచి, ఒకటి జంగారెడ్డిగూడెం నుంచి, ఇంకొకటి ఢిల్లీ నుంచి నేరుగా మెయిల్లో. సంతకాలు వేరు, ఊళ్లు వేరు. ఒకసారి మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివాను. మూడో పేరాలోని అంకె, దాని ముందున్న విశేషణం, ఆఖరికి అక్కడి అచ్చుతప్పు కూడా ఒకటే. అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర అయింది, ఎడిషన్ టైము దగ్గరపడింది. మూడింట్లో కాస్త బాగున్నది ఎంచి, రెండు కాలమ్‌ల హెడ్డింగు పెట్టి పేజీలోకి పంపేశాను. ఆ పని నా చేత్తో చేశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మాది పర్చూరు వైపు పల్లె. నాన్న, బాబాయి ఇద్దరిదీ పొగాకు సేద్యం. బాబాయి చాలా ఏళ్లు బ్యారన్ (కట్టెల మంట వేడితో పొగాకు ఆరబెట్టే గది) నడిపి, కట్టెల ఖర్చు తట్టుకోలేక వాటితో పనిలేని నల్లబర్లీ రకం పొగాకుకు మళ్లాడు. ఒక ఏడాది ధర్నాకని ఊళ్లో కొంతమందితో కలిసి బస్సెక్కి వెళ్లొచ్చాడు. పండగకి వెళ్లినప్పుడు అడిగాను.

"బస్సు ఎవరు పెట్టారు బాబాయ్?"

"సంఘం వాళ్లు."

"సంఘానికి డబ్బెవరిచ్చారు?"

"అవన్నీ నాకెందుకురా. ధర లేదని చెప్పుకోడానికి వెళ్లా. ధర లేదన్నది అబద్ధమా?"

అబద్ధం కాదు. ఈ విషయంలో ఉన్న చిక్కు మొత్తం ఆయన ప్రశ్నలోనే ఉంది.

పాడి ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు చేటపెయ్య తెలుసు. ఈనిన గేదెకు దూడ చచ్చిపోతే చేపదు, అంటే పొదుగులోకి పాలు దించదు. అప్పుడు ఆ దూడ తోలు ఒలిచి, లోపల ఎండుగడ్డి కూరి, కుట్టి, గేదె ముందు నిలబెడతారు. గేదె దాన్ని నాకుతుంది, చేపుతుంది, మనిషి పాలు పితుక్కుంటాడు. తోలు నిజంగా ఆ దూడదే. వాసన నిజం, గేదె దుఃఖం నిజం. కడుపులో ఉన్నది గడ్డి. పాలు వెళ్లేది వేరొకరి చెంబులోకి.

కార్పొరేట్ ప్రచారం అంటే అబద్ధాల మూట అనుకుని బయల్దేరినవాళ్లు దాన్ని పట్టుకోలేకపోవడానికి కారణం ఇదే. అబద్ధాలు వెతుకుతారు, దొరకవు. ఎందుకంటే అది చాలావరకు నిజమైన తోలునే వాడుతుంది. మనం చూడాల్సింది కుట్టు ఎక్కడ పడిందో, గడ్డి ఎవరు కూరారో, చెంబు ఎవరి చేతిలో ఉందో.

ముందు మూడు మాటలు విడదీయాలి, కలగాపులగమైపోయాయి. లాబీయింగ్ అంటే ప్రభుత్వం చెవిలో చెప్పుకోవడం. మనం పైరవీ అంటాం గానీ, పైరవీ అనగానే లంచం గుర్తొస్తుంది. లాబీయింగ్‌లో లంచం ఉండి తీరాలని లేదు. గుంటూరు మిర్చి ఎగుమతిదారులు మంత్రిని కలిసి వినతిపత్రం ఇవ్వడం లాబీయింగే. అంగన్‌వాడీ కార్యకర్తలు విజయవాడలో ధర్నాకు కూర్చోవడమూ ఒక రకంగా లాబీయింగే, కాకపోతే అది దారినపోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. రెండోది పీఆర్, అంటే పాఠకుడి కంటి ముందు ఒక బొమ్మ కట్టడం. ఆ బొమ్మకూ జరిగినదానికీ పొంతన లేకపోతే దాన్ని స్పిన్ అంటున్నారు. మనకు అంతకంటే మంచి మాట ఎప్పటినుంచో ఉంది: మసిపూసి మారేడుకాయ చేయడం. మూడోది రాజకీయ ప్రచారం, అది ఓటరు భయానికీ కోపానికీ గురిపెడుతుంది. ఈ మూడూ ఒకదాని చేతికి ఒకటి అందించుకుంటూ సాగుతాయి. పత్రికలో వార్త వేయించినవాడే మర్నాడు ఆ కటింగ్ పట్టుకుని అధికారి దగ్గరికి వెళ్లి "చూడండి, జనం ఎంత ఆందోళనలో ఉన్నారో" అంటాడు. ఆ సాయంత్రం నాయకుడు మైకు ముందు అదే మాట అంటాడు. నేను పెట్టిన రెండు కాలమ్‌ల వార్త ఎన్ని ఫైళ్లలోకి ఎక్కిందో నాకు తెలిసే దారి లేదు.

ఈ విద్యకు పాఠశాల ఏదంటే సిగరెట్ పరిశ్రమే. 1953లో పొగాకు తారు పూసిన ఎలుకల చర్మం మీద క్యాన్సర్ కణుతులు వచ్చాయన్న పరిశోధన అమెరికా పత్రికలకెక్కింది. ఆ డిసెంబరులో కంపెనీల పెద్దలు న్యూయార్క్ ప్లాజా హోటల్లో కూర్చుని హిల్ అండ్ నోల్టన్ అనే పీఆర్ సంస్థను పిలిపించుకున్నారు. అది నేర్పిన దారి తేలిక: కాదని అడ్డంగా బుకాయించొద్దు, ఇంకా పరిశోధన జరగాలని అడుగుదాం. 1954 జనవరి 4న 400కు పైగా పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వచ్చింది. జనం ఆరోగ్యమే మాకు అన్నిటికంటే ముఖ్యం, పరిశోధనకు మేమే డబ్బిస్తాం అని. పరిశోధనా కమిటీ పెట్టారు కూడా. సైన్సును ఎదిరించలేక సైన్సు చొక్కా తొడుక్కున్నారు. 1969 నాటి ఒక కంపెనీ అంతర్గత పత్రంలో సూటిగా రాసి ఉంది: సందేహమే మన సరుకు.

ఇవన్నీ మనకెలా తెలుసు? ఎవరో మనసు మారి చెప్పినందువల్ల కాదు. అమెరికా రాష్ట్రాలు కంపెనీల మీద దావాలు వేశాయి. 1998 నవంబరులో 46 రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందంలో అంతర్గత పత్రాలు బయటపెట్టాలన్న షరతు ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో శాఖ నడిపే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఇప్పుడు 1.4 కోట్లకు పైగా పత్రాలు ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. అక్కడ మన గుంటూరు పేరు టైపు చేసి చూడండి, ఆకు కొనుగోళ్ల లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు బయటికొస్తాయి. బ్రాడీపేటలో కూర్చుని అరవై ఏళ్ల కిందటి లండన్ ఉత్తరం చదవడం నాకైతే ఒళ్లు జలదరించిన అనుభవం.

అక్కడే ఇంకో కథ దొరికింది. 1984లో అంతర్జాతీయ పొగాకు రైతుల సంఘం ఒకటి పుట్టింది. కొన్నేళ్లకు కంపెనీల ఉమ్మడి సంస్థ ఇన్ఫోటాబ్ దానికి నిధులిచ్చి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందు నిలబెట్టే పథకం వేసింది. కారణం కూడా వాళ్లే రాసుకున్నారు: విదేశీ కంపెనీలంటే గిట్టని దేశాలు కూడా రైతు మాటంటే వింటాయి. కంపెనీ నోరు చెల్లని చోట రైతు నోరు చెల్లుతుంది. ఇంతకంటే స్పష్టంగా చేటపెయ్య గురించి ఎవరూ రాయలేదు.

ఇక మన ఊరికొద్దాం. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది, 1976 నుంచి. 1975లో పార్లమెంటు చేసిన చట్టం దానికి ఆధారం. వేలం కేంద్రాలు, బ్యారన్ లైసెన్సులు, వర్జీనియా రకం పొగాకు సాగు పరిమితి అన్నీ దాని చేతిలోవే. దళారుల చేతిలో నలిగిపోతున్న రైతుకు వేలం పాట ఎంత మేలు చేసిందో మా ఇంట్లో విన్నాను, ఆ మేలు మరిచిపోయి మాట్లాడలేను. కానీ బోర్డు పనిచేసేది వాణిజ్య మంత్రిత్వ శాఖ కింద. పొగాకు వాడకం తగ్గించాల్సింది ఆరోగ్య శాఖ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒప్పందాన్ని మనదేశం 2004లో ఆమోదించింది. ఆరోగ్య విధానాల్లో కంపెనీల వేలు పడకుండా కాపాడాలని అందులో 5.3 అధికరణం చెబుతుంది. ఒకే ప్రభుత్వం, రెండు చేతులు, రెండూ వేర్వేరు దిక్కుల్లో లాగుతాయి. 2010 అక్టోబరులో బెంగళూరులో జరగాల్సిన అంతర్జాతీయ పొగాకు పరిశ్రమ సదస్సుకు బోర్డు స్పాన్సర్‌గా నిలబడింది. ఒక ప్రజారోగ్య సంస్థ కర్ణాటక హైకోర్టులో వ్యాజ్యం వేశాక తప్పుకుంది. ప్రభుత్వానికి కంపెనీలో వాటా కూడా ఉంది. దేశంలో అతిపెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో ఎల్ఐసీకి సుమారు 15 శాతం, యూటీఐ నుంచి కేంద్రానికి సంక్రమించిన సంస్థకు 8 శాతానికి దగ్గరగా వాటాలున్నాయి. మీ నాన్నగారి ఎల్ఐసీ పాలసీ డబ్బులో కొంత అక్కడుంది.

2014 అక్టోబరులో ఆరోగ్య శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. సిగరెట్, బీడీ ప్యాకెట్ల మీద రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి, 2015 ఏప్రిల్ 1 నుంచి. గడువుకు ముందు పార్లమెంటు కమిటీ ఒకటి అడ్డం తిరిగింది. దాని అధ్యక్షుడు దిలీప్ గాంధీ, పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందన్నవన్నీ విదేశీ అధ్యయనాలే, మన దేశంలో చేసినవి లేవు అన్నారు. కమిటీ సభ్యుల్లో ఒకరు, అలహాబాద్ ఎంపీ శ్యామాచరణ్ గుప్తా, స్వయంగా బీడీ వ్యాపారి. నోటిఫికేషన్ వాయిదా పడింది.

మన దేశంలో అధ్యయనాలు లేవన్న మాట దగ్గర నేను కొంచెం ఆగాలి, ఎందుకంటే ఆ అధ్యయనాలు జరిగింది మన మధ్యనే. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని తాగుతారు, అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తోందని విశాఖపట్నం డాక్టర్లు 1930లలోనే గుర్తించారు. బొంబాయి టాటా ఆసుపత్రి నుంచి ఖానోల్కర్, సూర్యాబాయి 1945లో రాసిన పరిశోధనా పత్రంలో ఇది ఉంది. 1960లలో టాటా పరిశోధనా సంస్థ బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ వెళ్లి నోళ్లు తెరిపించి చూసింది. పేరు కూడా రాయడం రాని వేలమంది తెలుగు ఆడవాళ్లు తమ నోళ్లు చూపించి ఇచ్చిన సాక్ష్యం అది. 2015లో ఢిల్లీలో కూర్చున్న కమిటీకి ఆ సాక్ష్యం లేనట్టే అయిపోయింది. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, దాచుకోను.

తర్వాత రాజస్థాన్ హైకోర్టు జోక్యంతో బొమ్మలు 2016 ఏప్రిల్ 1న వచ్చాయి. దానికి రెండు వారాల ముందు అదే కమిటీ 50 శాతం చాలని సిఫారసు చేసింది. అమలు మొదలైన రోజు సిగరెట్ కంపెనీలు ఫ్యాక్టరీలు మూసుకున్నాయి, రోజుకు 350 కోట్ల రూపాయల నష్టమని వాళ్ల సంఘం చెప్పింది. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు 85 శాతం నిబంధన కొట్టేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఇప్పుడు కిళ్లీ కొట్టులో మీరు చూస్తున్న బొమ్మ వెనక ఇంత నడిచింది.

అంకె ఎలా వండుతారు

ప్రెస్‌నోట్‌లో మూడో పేరా అంకె అన్నాను కదా. ఈ మధ్య తరచూ కనిపించేది 4.57 కోట్లు: పొగాకు మీద బతికే భారతీయుల సంఖ్య. 2019లో వ్యాపార సంఘాల సమాఖ్య అసోచామ్ కోసం చేసిన ఒక అధ్యయనంలోనిది. విడదీసి చూస్తే రైతులు 60 లక్షలు, వ్యవసాయ కూలీలు 2 కోట్లు, ఆకు ఏరేవాళ్లు 40 లక్షలు, తయారీ, శుద్ధి, ఎగుమతుల్లో 85 లక్షలు, అమ్మేవాళ్లు 72 లక్షలు. ఆకు ఏరడమంటే అడవిలో తునికాకు. తునికాకుతో బీడీ చుడతారు, సిగరెట్‌లో అది ఉండదు. అమ్మేవాళ్లలో కిళ్లీ కొట్లవాళ్లు, చిల్లర కొట్లవాళ్లు ఉంటారు. మా వీధి చివర కొట్లో సిగరెట్ పెట్టె పక్కనే బిస్కెట్లు, షాంపూ ప్యాకెట్లు, పాలు ఉంటాయి. సిగరెట్ పోతే ఆ మనిషి బతుకే పోయినట్టు లెక్కగట్టారు. పొగాకుతోపాటు వేరే పంటలూ వేసే రైతు, ఏడాదిలో కొన్ని వారాలే ఆ చేలో పనిచేసే కూలీ కూడా అందులో ఒక్కో మనిషి కిందే లెక్క. ఇక సిగరెట్‌కు వాడే వర్జీనియా ఆకు పండించేది ప్రధానంగా ఆంధ్ర, కర్ణాటక రైతులు. అందులో పెద్ద భాగం విదేశాలకు పోతుంది, ఢిల్లీలో వేసే సిగరెట్ పన్ను దానికి తగలనే తగలదు. కానీ పన్ను సిగరెట్ మీద పడుతుందనగానే బస్తర్ అడవిలో తునికాకు ఏరే మనిషి కూడా లెక్కలోకి వచ్చేస్తాడు. అంకెలో ఒక్క మనిషీ అబద్ధం కాకపోవచ్చు. అంకె వాడిన చోటు అబద్ధం.

దొంగ సిగరెట్ల లెక్క కూడా ఇలాంటిదే. పన్ను పెంచితే స్మగ్లింగ్ పెరుగుతుంది, ఇప్పటికే మార్కెట్లో ఐదో వంతో నాలుగో వంతో అక్రమ సరుకే అని పరిశ్రమ వైపు నుంచి ఏటా వినిపిస్తుంది. 2018లో పరిశ్రమతో సంబంధం లేని పరిశోధకులు కొన్ని నగరాల్లో దుకాణాల దగ్గర ఖాళీ ప్యాకెట్లు ఏరి లెక్కపెడితే 2.73 శాతం తేలింది. రెండు లెక్కల మధ్య అంత అగాధం ఉన్నప్పుడు నేను ముందు అడిగేది, ఎవరు ఎలా లెక్కపెట్టారని. ఖాళీ పెట్టెలు ఏరినవాళ్లు తమ పద్ధతి మొత్తం అచ్చేశారు. ఇష్టమున్నవాళ్లు మళ్లీ ఏరి సరిచూసుకోవచ్చు.

ఇదే ప్రశ్న అవతలి పక్షాన్ని కూడా అడగాలి. పొగాకు వ్యతిరేక ప్రచారానికి అమెరికా కుబేరుడు బ్లూమ్‌బర్గ్ ఫౌండేషన్ 2000ల మధ్య నుంచి ప్రపంచమంతటా పెద్దఎత్తున డబ్బిస్తోంది. పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా విదేశీ నిధుల లైసెన్సును కేంద్రం 2017లో రద్దు చేసింది, ఆ నిధులతో పొగాకు విషయంలో లాబీయింగ్ చేసిందన్నది ఆరోపణల్లో ఒకటి. పొగాకు రోగాల ఆర్థిక భారం 2017-18లో 1.77 లక్షల కోట్ల రూపాయలని చెప్పే అధ్యయనానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటు ఉంది. నేను ఆ అంకె నమ్ముతాను, ఎందుకంటే డబ్బు ఎవరిదో అందులోనే రాసి ఉంది, లెక్క గట్టిన తీరూ ఉంది. డబ్బు తీసుకున్నారా లేదా అన్నదానికంటే, చెప్పి తీసుకున్నారా దాచి తీసుకున్నారా అన్నది నాకు ముఖ్యం.

దాచడానికి మన చట్టమే తోడ్పడుతోంది. అమెరికాలో 1995 చట్టం ప్రకారం లాబీయిస్టు పేరు నమోదు చేసుకోవాలి, ఏ అంశం మీద ఎవరి తరఫున ఎంత ఖర్చుపెట్టాడో మూడు నెలలకోసారి లెక్కచెప్పాలి. అక్కడ అది మర్యాదగా సాగుతోందని చెప్పడం లేదు, కాగితం ఉందంటున్నాను. 2012 డిసెంబరులో మన పార్లమెంటు స్తంభించిపోయింది గుర్తుందా? వాల్‌మార్ట్ కంపెనీ 2008 నుంచి లాబీయింగ్‌కు సుమారు 2.5 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిందనీ, ఆ అంశాల జాబితాలో భారత మార్కెట్లో ప్రవేశం కూడా ఉందనీ వార్త. అది అమెరికాలో అమెరికా నాయకుల దగ్గర చేసిన లాబీయింగ్ ఖర్చని కంపెనీ చెప్పింది. ఆ వివరం ఢిల్లీ ఫైళ్లలోంచి రాలేదు, కంపెనీ వాషింగ్టన్‌లో దాఖలు చేసిన కాగితంలోంచి వచ్చింది. మన చిల్లర కొట్ల భవిష్యత్తు మీద ఎవరు ఎంత పెట్టారో తెలుసుకోవడానికి మనం వేరే దేశం రిజిస్టరు చూడాల్సి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు నీరా రాడియా టేపులు బయటికొచ్చినప్పుడు మంత్రి పదవుల గురించి, స్పెక్ట్రమ్ గురించి పీఆర్ సంస్థ అధిపతి పారిశ్రామికవేత్తలతో, పేరున్న జర్నలిస్టులతో ఎలా మాట్లాడారో దేశం విన్నది. అది కూడా ఆదాయపు పన్ను శాఖ ఫోన్ ట్యాపింగ్ పుణ్యమే. 2013లో ఒడిశా ఎంపీ కాళికేశ్ సింగ్ దేవ్ లాబీయింగ్ వివరాలు వెల్లడించాలనే ప్రైవేటు మెంబరు బిల్లు ఒకటి తెచ్చారు, అది చట్టం కాలేదు.

మా వృత్తి సంగతి

పత్రికల సంగతి చెప్పకుండా ఇతరుల గురించి రాస్తే నాకు సిగ్గు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తలుగా అచ్చేయడం దేశమంతటా బయటపడింది. మన రాష్ట్రంలో దాన్ని మొదట లెక్కగట్టడానికి పూనుకున్నది జర్నలిస్టుల యూనియనే. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది: పరంజయ్ గుహ ఠాకుర్తా, విజయవాడలో పుట్టిన 'విశాలాంధ్ర' పత్రిక అప్పటి సంపాదకుడు కె.శ్రీనివాసరెడ్డి. పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ ఆ పేర్లు పక్కనపెట్టి చిన్న నివేదిక విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ 2011లో ఆదేశిస్తే గానీ అసలుది బయటికి రాలేదు. అదే ఏడాది అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను, వార్తలా కనిపించే ప్రకటనల ఖర్చు చూపనందుకు ఎన్నికల సంఘం అనర్హురాలిని చేసింది. ఆ రకంగా పదవి పోగొట్టుకున్న మొదటి ఎమ్మెల్యే ఆమె.

ఇప్పుడు వార్తకింత అనే రేటు కార్డులు అంత మోటుగా ఉండవు. జిల్లా విలేకరికి ప్రకటనల టార్గెట్ పెడతారు. విద్యాసంస్థ అడ్మిషన్ల సీజన్లో, ఆసుపత్రి వార్షికోత్సవానికి, నాయకుడి పుట్టినరోజుకు సప్లిమెంట్ తేవాలి. తెచ్చినవాడు మర్నాడు ఆ సంస్థ గురించి చెడ్డ వార్త ఎలా రాస్తాడు? ఎవరూ వద్దని చెప్పనక్కర్లేదు. ప్రభుత్వాల చేతిలో అన్నిటికంటే పెద్ద ప్రకటనల సంచి ఉంది. 2015 మేలో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి బొమ్మలు తప్ప వేయొద్దంది. ఏడాది తిరక్కుండానే ముఖ్యమంత్రులు, మంత్రుల బొమ్మలకు కూడా అనుమతి వచ్చేసింది. 2022 జూన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం గ్రామ, వార్డు వలంటీర్లు విస్తృత సర్క్యులేషన్ ఉన్న దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బుతో అప్పటి ముఖ్యమంత్రి కుటుంబ పత్రిక సర్క్యులేషన్ పెంచుకుంటున్నారంటూ పోటీ పత్రిక కోర్టుకెక్కింది. పార్టీ మారితే ఫిర్యాదు చేసే పత్రిక మారుతుంది, ఫిర్యాదు మారదు. ఏలూరు రోడ్డు బడ్డీ కొట్లో రెండు పేపర్లు కొని పక్కపక్కన పరిస్తే ఒకే రోజు రెండు వేర్వేరు రాష్ట్రాలు కనిపిస్తాయి. నేను ఇప్పటికీ రెండూ కొంటాను. రెండింటిలోనూ ఉన్నదేమిటో చూడడం ఒక పని, రెండింటిలోనూ లేనిదేమిటో ఆలోచించడం ఇంకా పెద్ద పని. ఇద్దరికీ ప్రకటనలిచ్చే సంస్థ తప్పు ఆ రెండో గుంపులోకే పోతుంది.

డబ్బు జాడ దొరికిన అరుదైన సందర్భం, పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చేందుకు పెట్టిన ఎన్నికల బాండ్లు. 2018లో మొదలైన పథకాన్ని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది, స్టేట్ బ్యాంకు చేత లెక్కలు కక్కించింది. మొదట కొన్నవాళ్ల జాబితా, తీసుకున్న పార్టీల జాబితా విడివిడిగా వచ్చాయి, ఎవరు ఎవరికిచ్చారో తెలియలేదు. ప్రతి బాండుకూ మామూలు కంటికి కనపడని సంఖ్య ఉందని, అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే కనిపిస్తుందని ఒక విలేకరి 2018లోనే రాశారు. ఆ సంఖ్యలూ ఇవ్వాలని కోర్టు గట్టిగా చెప్పాక మార్చి 21న జోడీలు కుదిరాయి. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లతో దేశంలో రెండో స్థానంలో ఉంది. మన రెండు ప్రధాన ప్రాంతీయ పార్టీలకూ వందల కోట్లు చేరాయి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బాండు కొన్న తేదీకి దగ్గర్లో కాంట్రాక్టు వచ్చినంత మాత్రాన అది ప్రతిఫలమని రుజువైనట్టు కాదు. పెద్ద కంపెనీకి ఏ నెలలోనైనా ఏదో ఒక కాంట్రాక్టు వస్తుంది. తేదీలు ఎక్కడ తవ్వాలో చూపిస్తాయి, తవ్వే పని మిగిలే ఉంటుంది.

తవ్వడానికి విలేకరే కానక్కర్లేదు. నేను చేసేది చెబుతాను. ప్రెస్‌నోట్‌లో గానీ వార్తలో గానీ కాస్త విచిత్రంగా ఉన్న వాక్యం ఒకటి తీసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతుకుతాను. అదే వాక్యం మూడు రాష్ట్రాల్లో మూడు నోళ్లలో దొరికితే కుట్టు దొరికినట్టే. సంఘం పేరు కొత్తగా వింటే ఎప్పుడు పుట్టింది, ఆఫీసు చిరునామా ఏది, అదే చిరునామాలో ఇంకేమున్నాయి చూస్తాను. కంపెనీగా నమోదైతే కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో 100 రూపాయలు కట్టి కాగితాలు చూడొచ్చు, డైరెక్టర్ల పేర్లు పట్టుకుని వాళ్లు ఇంకెక్కడ డైరెక్టర్లో చూడొచ్చు. పార్లమెంటు కమిటీ నివేదికల చివర ఎవరెవరు వచ్చి సాక్ష్యం చెప్పారో జాబితా ఉంటుంది, చాలామంది అక్కడిదాకా చదవరు. రాజ్యసభ సభ్యులు తమ వ్యాపార ప్రయోజనాలు రిజిస్టరులో రాయాలి. లోక్‌సభకు అలాంటి బహిరంగ రిజిస్టరు లేకపోవడం పెద్ద లోటు. ఫేస్‌బుక్‌లో రాజకీయ పేజీ కనిపిస్తే యాడ్ లైబ్రరీలో దానికి డబ్బు కట్టినదెవరో, పేజీ వివరాల్లో దాని పాత పేరేమిటో చూస్తాను. నిరుడు దాకా సినిమా జోకులు పెట్టిన పేజీ ఎన్నికల ముందు పేరు మార్చుకుని రైతు గొంతవుతుంది. 2019లో ఒక పార్టీకి ఐప్యాక్, 2024లో ఇంకో పార్టీకి షోటైమ్ అనే ఎన్నికల వ్యూహ సంస్థలు పనిచేశాయి. ఆ పేర్లు అందరికీ తెలుసు. పేరు లేని పేజీల పనే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

అన్నిటికంటే నాకు నమ్మకమున్నది సమాచార హక్కు దరఖాస్తు మీద. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. అయితే ప్రశ్న ఎలా అడిగామన్నదే సగం పని. 'ఎందుకు ఇలా నిర్ణయించారు' అని అడిగితే జవాబు రాదు, అభిప్రాయాలు చెప్పక్కర్లేదని తోసేస్తారు. 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ అంశం మీద అందిన వినతిపత్రాల కాపీలు, సమావేశాల మినిట్స్, హాజరైనవారి సంతకాల పట్టీ, ఫైలు మీద అధికారులు రాసిన నోట్స్' అని అడగాలి. సంతకాల పట్టీ మరిచిపోకూడదు. అసలు కథ చాలాసార్లు అందులోనే ఉంటుంది.

2025 వేసవిలో నల్లబర్లీ కొనేవాళ్లు లేకుండా పోయారు. ముందటేడు ఇంటిముందుకొచ్చి ఎక్కువ వేయండని ఊరించినవాళ్లు ఫోన్లెత్తలేదని పర్చూరు, ఇంకొల్లు వైపు రైతులు అన్నారు. నల్లబర్లీ పొగాకు బోర్డు వేలంలోకి రాదు. ఆఖరికి రాష్ట్ర ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. బాబాయి ఇంట్లో అమ్ముడుపోని పొగాకు చెక్కులు (బేళ్లు) వసారా నిండా పేర్చి ఉన్నాయి, వాన పడితే బూజు పడుతుందని పట్టాలు కప్పి రాత్రుళ్లు అక్కడే పడుకున్నాడు. ఆ రోజుల్లో ఏ సంఘమూ బస్సు పెట్టలేదు. నా పాత డెస్కు మిత్రుణ్ని అడిగాను, ఢిల్లీ నుంచి మెయిల్ ఏమైనా వచ్చిందా అని. రాలేదన్నాడు.

తర్వాత బాబాయే ఫోన్ చేశాడు.

"ఒరే, కాగితం పెడితే ఇస్తారంటివే, అది రాసిపెట్టు."

"ఏమడుగుదాం?"

"ఎక్కువ వెయ్యమన్నదెవరు, కొనమని చెప్పి మానేసిందెవరు. కంపెనీలోళ్లని పిలిచి మాట్లాడామన్నారుగా పేపర్లో. ఏం మాట్లాడారో అడుగు. ఎవరెవరొచ్చారో అడుగు."

మర్నాడు వాళ్లింటి అరుగు మీద కూర్చుని వ్యవసాయ శాఖకు దరఖాస్తు రాశాను: నల్లబర్లీ కొనుగోళ్లపై కంపెనీల ప్రతినిధులతో జరిగిన సమావేశాల మినిట్స్, కంపెనీలు, సంఘాలు ఇచ్చిన వినతిపత్రాల కాపీలు, సంతకాల పట్టీలు. బాబాయి రెండుసార్లు చదివించుకుని, తన పేరు కింద సంతకం పెట్టి, పోస్టల్ ఆర్డర్ జతచేసి, రిజిస్టర్ పోస్టు చేయడానికి తనే సైకిలు మీద వెళ్లాడు. రసీదు ఫొటో నాకు వాట్సాప్‌లో పంపాడు. జవాబివ్వడానికి 30 రోజుల గడువు. గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకున్నాడట.